మూడు రోజుల చాప

అంటే రెండు గోడలూ అతుక్కుపోయాయన్నమాట, నారాయణగూడ డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి ఎంత తేలిగ్గా చెప్పింది, ఇక్కడ రంగు మందు నిండాలమ్మా, నీకు సన్నటి గీతే వచ్చింది, గీకిన గాయాలు మానుతూ గర్భసంచి లోపల మూసుకుపోయింది, అందుకే ఏడు నెలలుగా ముట్టు రావడం లేదు, ఆపరేషన్ చేసి విడదీయొచ్చు గాని బిడ్డ సంగతి చెప్పలేను, ఆ ఫిల్ము ఇప్పుడు నా ఒళ్లో ఉంది, స్కూటర్ గుంతలో పడ్డప్పుడల్లా కవరు పటపటమంటోంది, ముందు కూర్చున్న మా ఆయన బాలకిషన్ తల తిప్పకుండానే అమ్మకు ఇప్పుడే చెప్పకు మనోరమా, ఆదివారం బోనాలున్నయి, పరేషాన్ అయితది అంటున్నాడు, అమ్మ పరేషాన్ కావద్దు, నేనేమైనా ఫరవాలేదు, మూడో నెలలో కడుపు పోయినప్పుడూ ఇంతే, ఒకసారి శుభ్రం చేశాక, ఇంకేమైనా మిగిలితే దానంతటదే పోతుంది, ఆగి చూద్దామని నర్సింగ్‌హోమ్‌లో డాక్టర్లు చెబితే మా అత్తయ్య యశోదమ్మ వినలేదు, వచ్చేవారం ఇంట్ల వ్రతమున్నది, ఈ అంటు ఇంకెన్ని దినాలు, మంచిగ గీకి సాఫ్ చెయ్యుండ్రి, ఏం మిగలొద్దు అంది, వాళ్లు ఈయన మొహం చూశారు, ఈయన అమ్మ మొహం చూసి తలూపాడు, మంచం మీద మెలకువగానే ఉన్న నన్ను ఎవరూ అడగలేదు, ఆవిడ మాటే నెగ్గింది, ఏమీ మిగల్లేదు.

చిక్కడపల్లి వచ్చేశాం, అదిగో లైబ్రరీ, అందులోకి వెళ్లి ఏడు నెలలైంది, ముట్టయితే నెలకు మూడు రోజులు ఇంటి వెనక వరండాలో చాప మీద దూరంగా కూర్చోబెట్టేవాళ్లు, వంట లేదు, అంట్లు లేవు, ముట్టుకోకూడదు కాబట్టి పిలిచేవాళ్లూ లేరు, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న రెండు నవలలు పూర్తయ్యేవి, ఆ చాపను ఎంత తిట్టుకున్నానో, ఇప్పుడు నెలంతా శుద్ధమైన మనిషిని, ప్రతి పండుగకూ పొయ్యి నాదే, మొన్న అత్తయ్య పక్కింటి మహేశ్వరితో నవ్వుతూ ఏమంది, కోడలికి రక్తం తక్కువున్నది, టానిక్కు తాగితే మళ్ల వస్తది, అందాక మంచిదేనాయె, ఈయేడు బోనం ఆమెనే ఎత్తుతది, తారీఖు చూసే పనే లేదు.

గుమ్మంలో అత్తయ్య, చేతిలో బోనానికి తెచ్చిన కొత్త కుండ, వచ్చినవా బిడ్డా, జర దీనికి పసుపు పట్టియ్యి, నా చేతులు ముందుకు రాలేదు, నోరే కదిలింది, నేను బయటున్నాను అత్తయ్యా, ఆవిడ మొహం వెలిగిపోయింది, అయ్యిందా తల్లీ, ఎంత మంచి మాట చెప్పినవ్, బోనం పోతే పోనియ్యి, మనుమడొస్తడు, తానే పరుగున పోయి చాప తెచ్చి పరిచింది, ఈయన నన్ను గుడ్లు మిటకరించి చూస్తున్నాడు, చూడనీ, చాప మీద కూర్చున్నాను, ఎవరూ దగ్గరికి రారు, ఇప్పుడొస్తోంది ఏడుపు, డాక్టరమ్మ దగ్గర రానిది, బిడ్డ కోసమే అనుకున్నాను గాని చెయ్యి ఈ చాపనే నిమురుతోంది, ఈ ఇంట్లో నావంటూ ఉన్నవి ఆ మూడు రోజులే, వాటినీ గీకి పారేశారు.