కేసు నడుస్తుండగా వ్రతం

అక్క ఇంట్లో ఛాయాదేవి బీరకాయ చెక్కు తీస్తుంటే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. తలెత్తితే భర్త ఉమాపతి.

"ఛాయా, బాగున్నవా?" అన్నాడు.

పేరు పెట్టి పిలిచాడు! ఆమె గుండె ఝల్లుమంది, సంతోషంతో కాదు, అనుమానంతో. ఉప్పల్ చిలకానగర్‌లో, ఒకే ఇంట్లో ఉంటూ, ఏడాదిన్నర పాటు ఆమెతో ఒక్క ముక్క మాట్లాడని మహానుభావుడు ఇతను. ఎదురుగా నిలబడి వడ్డిస్తున్న ఆమెను వదిలేసి, వసారాలో ఉన్న తల్లికి వినపడేలా, "అమ్మా, చారుల ఉప్పు లేదని చెప్పు" అనేవాడు. అత్త అనంతలక్ష్మి అక్కణ్ణించే "ఉప్పు లేదంట" అని అందించేది. ఆమె జ్వరంతో మూలుగుతుంటే "అమ్మా, ఇయ్యాల వంట లేదా అడుగు" అన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. ఆమె నాచారం మందుల ఫ్యాక్టరీలో పొద్దంతా నిలబడి సీసాలకు లేబుళ్లు అంటించి, ఇంటికొచ్చి వంట చేసి, అంట్లు తోమి, ఒక్కోరోజు బాత్రూం తలుపేసుకుని తన పేరు తనే పైకి అనుకునేది. పిచ్చెక్కుతుందేమోనని భయపడింది పాపం. ఆ భయంతోనే నాచారంలో ఉన్న అక్క ఇంటికి వచ్చేసి, మానసికంగా హింసించాడని విడాకుల కేసు వేసింది.

ఇప్పుడేమో మల్లెపూలు పట్టుకుని వచ్చాడు!

"ఐతారం సత్యనారాయణస్వామి వ్రతం పెట్టుకున్నం. నువ్వు లేకుంటె పీటల మీద నేనొక్కన్ని ఎట్ల కూసుంట? కేసు సంగతి తర్వాత సూసుకుందం" అని చెప్పి వెళ్లిపోయాడు.

"పోరాదే! మారిండేమో" అంది అక్క సూర్యకళ. "స్వామి ప్రసాదం కాదంటె అరిష్టం."

ఆ భయం ఛాయాదేవికీ ఉంది. వ్రతానికి పిలిస్తే మానేసినవాళ్లు, ప్రసాదం వద్దన్నవాళ్లు ఆమె పుట్టింట్లో ఎవరూ లేరు. అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి, "ఛాయా" అన్న ఆ పిలుపు ఇంకా చెవిలోనే ఉంది. నీకు బుద్ధి లేదే అని తనను తాను తిట్టుకుంది. ఏడాదిన్నర నోరు కుట్టుకున్నవాడికి, కోర్టు వాయిదా ఇరవై రోజులుందనగా నోరెందుకు పెగిలిందట? మల్లెపూలు కొనే మనిషేనా? పెళ్లయిన ఆరేళ్లలో మూర పూలు తెచ్చిన పాపాన పోలేదు. ఎవరు చెప్పి పంపారో, ఏం ఆశించి వచ్చాడో!

మర్నాడు వకీలు తారామణిని అడిగింది.

"కేసు వేశాక వెళ్లి దంపతులుగా పీటల మీద కూర్చుంటే, హింసను మీరు క్షమించేశారని వాదిస్తారమ్మా" అంది తారామణి. "క్షమించారని జడ్జి నమ్మితే విడాకులు రావు. అసలే మనకు కష్టంగా ఉంది. మాట్లాడకపోవడమన్నది పచ్చి అబద్ధమని ఆయన కోర్టుకు రాసిచ్చాడు. నాలుగు గోడల మధ్య సంగతి. మీ వైపు ఒక్క సాక్షీ లేడు."

ఆదివారం ఛాయాదేవి వెళ్లింది. పీట మీద కూర్చోకూడదు, జనంలో ఓ మూలన ఉండి ప్రసాదం తీసుకుని రావాలి, ఇతని ఎత్తేమిటో కళ్లారా చూడాలి, అంతే అనుకుంది.

ఇల్లంతా జనం. ఉమాపతి ఆఫీసువాళ్లు, పక్కింటి జనార్ధనరావు, ఆయన భార్య రత్నకుమారి ముందు వరుసలో ఉన్నారు. దేవుడి వైపు కాకుండా పీటల వైపు కెమెరా తిప్పుకుని ఫోటోగ్రాఫర్ నిలబడ్డాడు. ఇదివరకు ఆ ఇంట్లో నాలుగు వ్రతాలు జరిగితే ఒక్కదానికీ ఫోటో తీయించలేదు!

"ఫోటో మీద తారీఖు పడాలె, మర్వకు" అని అతనికి చెబుతున్నాడు ఉమాపతి.

ఛాయాదేవికి ఒళ్లు మండిపోయింది. ఛీ, దేవుణ్ణి కూడా సాక్ష్యానికి పిలుచుకున్నాడు!

"రామ్మా, కూర్చో. కొంగు ముడి వేయాలి" అన్నారు పంతులుగారు.

ఆమె కదల్లేదు. భర్త వైపు చూడకుండా అత్త వైపు తిరిగింది.

"అత్తమ్మా, ఏడాదిన్నర నాతోని ఎందుకు మాట్లాడలేదో మీ కొడుకును అడుగుండ్రి."

"ఏం మాటలివి? నేనెప్పుడు మాట్లాడలే?" అంటూ ఉమాపతి నవ్వబోయాడు. కానీ అంతమందిలో కొడుకును నిలదీస్తే అనంతలక్ష్మి ఊరుకునే మనిషా!

"మాట్లాడకుంటె ఏం కొంప మునిగిందే? ఆడు చెప్పిందల్లా నీకు నేను చెప్తనే ఉంటి గద! ఏడాదిన్నరల ఒక్క పనన్న ఆగిందా?"

"అమ్మా!" అని అరిచాడు ఉమాపతి.

అప్పటికే అందరూ విన్నారు. ఛాయాదేవి జనార్ధనరావు ముందుకెళ్లి నిలబడింది.

"అన్నా, విన్నరు గద. కోర్టుల ఈ మాట చెప్తరా?"

ఆయన గొంతు సవరించుకుని గోడ మీది క్యాలెండర్ చూడసాగాడు. ఆఫీసువాళ్లు తలలు దించుకున్నారు. ఆయన పక్కన రత్నకుమారి, భర్త ముందు ఏనాడూ గొంతెత్తని మనిషి, చీర కుచ్చిళ్లు సర్దుకుని మెల్లగా లేచింది.

"నేను చెప్త చెల్లె" అంది. "మీ గోడకు ఇవతల ఉండి, రోజూ విన్న."