కడపటి గడిలో పేర్లు

"ఇంట్లో దులిపే దుమ్మే కదా ఆడా దులిపేది. దానికి రోజూ బస్సెక్కి కృష్ణగిరి దాకా పోవల్నా?" అన్నాడు రఘునాథ్, సంగటి ముద్ద పులుసులో అద్దుకుంటూ.

ఆ సంగటి గెలికింది సుగంధి. పులుసు కాచింది సుగంధి. ఆయన కూర్చున్న చోటు ఊడ్చింది, తొడుక్కున్న చొక్కా ఉతికింది కూడా ఆమే. పదిహేనేళ్ళ కాపురంలో వాటిని ఎవరూ పని అనలేదు. ఎనిమిది నెలలుగా బస్సెక్కి పోయి చేసేదాన్నీ అనడం లేదు. ఏమిటో, ఆమె చెయ్యి తగిలితే చాలు, ఎంత పనైనా పని కాకుండా పోతుంది ఆ ఇంట్లో!

అయినా ఆయన అన్నది ఒక రకంగా నిజమే. తమిళ సర్కారు వారి పాత భూమి రిజిస్టర్ల గదిలో ఆమెది దుమ్ము పనే. మెత్తటి బ్రష్షుతో ఒక్కో కాగితం తుడవాలి, మడతలు విప్పాలి, ఫోటో తీసేవాళ్ళకు అందించాలి. తర్వాత అందులోని ఊరు, సర్వే నెంబరు, పేరు కంప్యూటర్లో ఎక్కిస్తారు. వచ్చే సోమవారం నుంచి ఎవరైనా అక్కడికి వచ్చి పేరు చెప్తే వెతికి చూపిస్తారు. ఇన్నాళ్ళూ బీరువాల్లో పురుగులు తిన్న పుస్తకాలు ఇక జనానివి. ఆ మాట తలచుకుంటేనే సుగంధికి ఒళ్ళు పులకరించేది. ఇంట్లో చెప్తే నవ్వుతారని చెప్పలేదు.

ఆ పొద్దున ఇంట్లో ఇంకో మాట కూడా నడిచింది. ఉద్దనపల్లి రోడ్డు పక్క చేనుకు లేఔటు వాళ్ళు వచ్చే వారం బుధవారం అగ్రిమెంటుకు వస్తున్నారు. అత్త చెన్నమ్మ గోడకు ఆనుకొని కూర్చొని, అది తన చేనని, తన నాయన పసుపు కుంకుమ కింద ఇచ్చినాడని, తాను అమ్మనని ఎప్పటిలాగే అంది. రఘునాథ్ ఎప్పటిలాగే నవ్వాడు. దున్నింది మా నాయన, చేను మా నాయనది, కాదంటే కాగితం యాడ చూపించు అన్నాడు. ముసలామె నోరు మూసుకుంది. అరవై ఏళ్ళుగా ఆ మాట దగ్గరే మూసుకుంటోంది. దాచడమెందుకు, సుగంధి కూడా అది పెద్దామె చాదస్తమే అనుకునేది.

గదికి చేరేసరికి టైపు చేసే పిల్లలిద్దరూ సెలవు. సూపర్‌వైజర్ యతీశ్ సుగంధిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ముందు గడులన్నీ తమిళంలో ఉంటాయి, వచ్చినట్టు కొట్టండి, కడపటి గడిలో గీతలుంటాయి, అక్కడ 'చదవరానిది' అని కొట్టి ముందుకు పోండి అని చెప్పి వెళ్ళిపోయాడు.

సుగంధి మొదటి కాగితం తెరిచి కడపటి గడి చూసింది. గీతలా? తెలుగు! ఇన్నాళ్ళూ దుమ్ము మీదే కళ్ళు, రాత మీద పెట్టే తీరిక ఎక్కడిది? వెనకటి కరణం ఎవరో లెక్కంతా తమిళంలో రాసి, ఊళ్ళో సంగతి మాత్రం తన తెలుగులో గొలుసుకట్టుగా గిలికాడు. గురుబరపల్లిలో తమిళం ఒక్క పాఠంగా నేర్చినా, పదో తరగతి దాకా సుగంధి చదివింది తెలుగే. సూళగిరి ఫ్యాక్టరీల్లో ఉద్యోగానికి పోతే, తెలుగు మీడియమా అని జాలిగా చూసి పంపేశారు. తెలుగు చదివి ఏం పొడుస్తావని మామ బతికున్నన్నాళ్ళూ అన్నాడు. ఇదిగో, ఇది పొడుస్తాను మామా అనుకుని వేలు పెట్టి చదివింది.

'కూతురు దొడ్డమ్మకు పసుపు కుంకుమ కింద అర ఎకరా.' 'అక్క నంజమ్మ అనుభవంలో ఉన్నది.' 'బావి, బావి పక్క మడి చెల్లెలు చిక్కమ్మకు.' గబగబా వెనక్కి తిప్పింది. పేరు గడిలో మగవాళ్ళు, కడపటి గడిలో ఆడవాళ్ళు. ఇదివరకే కంప్యూటర్లో ఎక్కించిన పేజీలు తెరిచి చూసింది. చదవరానిది, చదవరానిది, చదవరానిది. ఎన్ని వందలో! సోమవారం ఏ మనవరాలో వచ్చి దొడ్డమ్మ పేరు చెప్తే, అట్లాంటి పేరే లేదంటుంది ఆ యంత్రం.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పనే లేదు. మూడు గంటలకు ఉద్దనపల్లి కట్టలో ఆంజినప్ప పేరు కనబడింది. అత్త తండ్రి పేరు. కడపటి గడి చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, లేకుంటే అరిచేదే. మళ్ళీ చదివింది. లేచి నిలబడి చదివింది.

యతీశ్ దగ్గరికి దాదాపు పరుగెత్తింది. అతను చెడ్డవాడు కాదు. ఓపిగ్గా విన్నాడు, ఆశ్చర్యపోయాడు కూడా. కానీ సోమవారం ముంచుకొస్తోందని, అంత ఆసక్తి ఉంటే రోజూ పనయ్యాక ఒక గంట కూర్చొని ఊరికే చేసిపెట్టమని అన్నాడు.

ఊరికే! ఆ మాట వినగానే సుగంధికి పేర్లు దొరికిన ఆనందమూ, దీని మీద కోపమూ కలిసి ఒక్కసారే పొంగాయి.

"ఊరికే చేసే పని నాకు ఇంట్లో కావల్సినంత ఉండాది సార్. ఇది చదవరానిది కాదు, మీకు చదవరానిది. నాకు వస్తుంది. తెలుగు చదివేదానికి మనిషి కావాలని పైకి రాయండి, నా పేరు రాయండి, జీతం వెయ్యండి. కుదరదంటే గుమ్మం మీద బోర్డు పెట్టండి, ఈడ ఆడోళ్ళ పేర్లు దొరకవని."

తన గొంతేనా అని ఆమెకే అనిపించింది. యతీశ్ ఫోన్ తీసి పై ఆఫీసుకు కలిపాడు. శుక్రవారానికి సుగంధి పేరున, జీతంతో సహా ఉత్తర్వు వచ్చింది. మొదట ఎక్కించిన ఊరు ఉద్దనపల్లి.

సోమవారం అత్తను తీసుకుపోతానంటే, మరి మధ్యాహ్నం సంగటి ఎవరు గెలకాలని అడిగాడు రఘునాథ్. పిండి డబ్బాలో ఉంది, తెడ్డు పొయ్యి పక్కన ఉంది అని చెప్పి చెప్పులేసుకుంది సుగంధి.

వరుసలో మొదట నిలబడింది చెన్నమ్మ. తన పేరు, నాయన పేరు తనే చెప్పింది. స్క్రీన్ మీద కాగితం వచ్చింది. అక్షరం రాని ఆమె దాన్ని కళ్ళు చికిలించి చూసి, చదవమ్మా అంది.

"సదరు చేను ఎకరా ఇరవై సెంట్లు కూతురు చెన్నమ్మకు పసుపు కుంకుమ కింద ఇచ్చినారు. అనుభవం ఆమెదే" అని చదివింది సుగంధి.

చెన్నమ్మ ఇంకోసారి చదివించుకుంది. మూడోసారి విన్నాక కొంగుతో కళ్ళు తుడుచుకుని, కోడలి ఫోన్ అడిగి తీసుకుంది.

"రఘూ, లేఔటోళ్ళను రావద్దని చెప్పు. కాగితం యాడ అంటివే, దొరికింది. చేను గలామె అమ్మనంటా ఉండాది" అని చెప్పి, అవతల ఏమంటున్నాడో వినకుండా ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

నకలు మీద సీలు పడింది. చెన్నమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని, కడపటి గడి మీద వేలు పెట్టింది.

"దీని కింద జాగా ఉండాదా సుగంధీ?"

"ఉంది అత్తా."

"అయితే నా తర్వాత నీకని రాయి."

అక్కడ రాయకూడదు అత్తా, అది పాత పుస్తకం అంది సుగంధి.

"మరి యాడ రాయల్నో ఆడికి పోదాం పా" అంది చెన్నమ్మ, కాగితం మడిచి రవికలో పెట్టుకుంటూ.