నడిచొచ్చే స్టాండు

“జర ఊపిరి బిగవట్టు” అంటాడు మా ఆయన. నేను బిగబడతాను. నా కుడి భుజం మీద మడతపెట్టిన టవల్, టవల్ మీద వీడియో కెమెరా, కెమెరా వెనక ఆయన కన్ను. ముందర ఎవరిదో పెళ్లి. తలంబ్రాలు అయ్యేదాకా నేను కదలకూడదు. ముక్కు దురద పెట్టినా, దాహం వేసినా, కెమెరా నెత్తిన వెలిగే లైటు వేడికి చెంప చుర్రుమన్నా సరే. లక్ష్మీరాజం తీసిన క్యాసెట్ అస్సలు ఊగదని కాగజ్‌నగర్ అంతా పేరు. పేరు ఆయనది, నిలబడే పని నాది.

దుబాయ్ నుంచి వచ్చినవాళ్ల దగ్గర కొన్న కెమెరా అది. చేత్తో పట్టుకునే చిన్నది. చిన్నది కాబట్టి చెయ్యి ఏమాత్రం వణికినా బొమ్మంతా వణుకుతుంది. మూడు కాళ్ల స్టాండు మాకు లేక కాదు. ఒక పందిట్లో జనం కాళ్లకు తగిలి పడి దాని కాలొకటి వంగింది. బాగు చేయించి, మా అత్తమ్మ తన పాత చీర చుట్టి బీరువా పక్కన నిలబెట్టింది. “పాడయితే మళ్లొస్తదా గది?” అంటుంది. ఒకసారి ఉండబట్టలేక, స్టాండు తీసుకుపోరాదా అని ఆయన్ని అడిగాను. ఆయన నవ్వాడు. “స్టాండయితే నేను మొయ్యాలె. నువ్వయితే నడిసొస్తవు.” అత్తమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. ఇంట్లో అందరూ నవ్వుతున్నప్పుడు ఒక్కదాన్నే ముఖం మాడ్చుకుని కూర్చోవడం నాకు చేతకాదు.

పెళ్లిళ్ల రోజుల్లో పొద్దున్నే వంట చేసి, అందరికీ పెట్టి, గిన్నెలు తోమి, మంచి చీర కట్టుకుని పోతాను. మంచి చీర ఎందుకో నాకే తెలియదు, కెమెరాలో నేను ఎక్కడా పడను. ఆసిఫాబాద్ దాకా ఎన్ని పెళ్లిళ్లు చూశానో, ఒక్క క్యాసెట్‌లోనూ నా కొంగు చివర కూడా లేదు. దాని గురించి నాకు పెద్దగా బాధ ఉండేది కాదు, నా చెల్లె సరోజనకు సంబంధం కుదిరేదాకా.

“అక్కా, అవ్వ పోసినంక నాకు ఒడిబియ్యం నువ్వే పొయ్యాలె. క్యాసెట్ల ఇద్దరం ఒక్కసారన్న కలిసి కనవడాలె” అంది చెల్లె. పసుపు కలిపిన బియ్యం పెళ్లికూతురి ఒడిలో పోయడం మా దగ్గర పెద్ద ముచ్చట. తల్లి తర్వాత తోడబుట్టిన దాని చెయ్యి పడాలి. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదనిపించింది. దోసెడు బియ్యం పోసేంతసేపు భుజం ఖాళీగా ఉంటే చాలు. దానికోసం నేను చేసిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

మొదట పాత లంగా గుడ్డతో సంచీ కుట్టి జొన్నలు నింపాను. కుర్చీ వీపు మీద సంచీ వేసి, మధ్యలో గుంట చేసి కెమెరా కూర్చోబెడితే కదలకుండా ఉంది. “తినే జొన్నలు మూటగట్టి ఆటలా?” అని అత్తమ్మ సంచీ విప్పి జొన్నలు డబ్బాలో పోసేసింది. సరే అనుకున్నాను. బట్టలు ఆరేస్తుంటే ఇంకోటి తోచింది. వదులుగా ఉన్న దండెం ఊగుతుంది, బిగించి కట్టినది ఊగదు. సైకిల్ దుకాణంలో వెతికించి, కెమెరా అడుగున ఉన్న రంధ్రానికి సరిపోయే బోల్టు తెచ్చాను. దానికి గట్టి తాడు కట్టి, తాడు రెండో కొసను కాలికింద తొక్కిపట్టి, కెమెరాను పైకి లాగి పట్టుకున్నాను. తాడు బిగిసింది. చేతులు నిలిచిపోయాయి. కెమెరా అద్దంలోంచి వాకిట్లో ఎండబెట్టిన మిరపకాయలను చూశాను. ఒక్కటీ వణకలేదు. నా సంబురం చెప్పలేను. ఆ మాటకొస్తే కెమెరాకు కన్ను ఆనించింది కూడా అదే మొదటిసారి.

ఆయన కూడా మెచ్చుకున్నాడు. “మంచిగుందే! ఇగ నీ చెల్లె పెండ్లిల నువ్వు చుట్టం లెక్క తిరుగు” అన్నాడు. సొంత చెల్లె పెళ్లికి నన్ను చుట్టాన్ని చేసినందుకు కూడా పొంగిపోయాను.

పెళ్లి బెల్లంపల్లిలో, మా అవ్వా బాపూ ఉండే గని క్వార్టర్ల ముందర. ఎదుర్కోళ్లు తాడుతోనే తీశాడు. లగ్గం కూడా తాడుతోనే తీశాడు. నేను పట్టుచీరలో అటూ ఇటూ తిరిగాను, చుట్టాలకు చెంబులతో నీళ్లిచ్చాను, ఊరికే నవ్వాను. ఒడిబియ్యం మొదలయ్యాయి. అవ్వ పోసింది. నేను వంగి దోసిట్లోకి బియ్యం తీసుకున్నాను. సరోజన నన్ను చూసి ఒడి సర్దుకుంది.

“అనసూర్యా, ఇటు రా.”

ఆయన పిలుపు వినబడనట్టు ఉన్నాను.

“నిన్నే. కాలు తిమ్మిరెక్కింది. గంటలకొద్ది ఒక్కకాడ తొక్కుకుంట నిలవడుడు నాతోటయితదా? నీ చెల్లె క్యాసెట్టే ఊగాల్నా?”

తాడులో తప్పు లేదు. తాడుకైతే ఆయన నిలబడాలి, అదే తప్పు. అందరూ నావైపే చూస్తున్నారు. అవ్వ నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా అంది: “పో బిడ్డా, అల్లుడు పిలుస్తున్నడు. తర్వాతనన్న పోస్తువు.” ఒడి ముడి వేశాక మళ్లీ పోయరని అవ్వకు తెలియదా? నాకు చెప్పలేనంత కోపం వచ్చింది, ఆయన మీద కంటే అవ్వ మీద. దోసిట్లో బియ్యం పళ్లెంలో వదిలేసి వెళ్లి నిలబడ్డాను. భుజం మీద టవల్ పడింది, టవల్ మీద కెమెరా పడింది. నా బదులు మేనత్త రామవ్వ పోసింది. సరోజన తలెత్తి మావైపు చూసింది. అందరూ కెమెరా వైపు చూస్తోందనుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. భుజం మాత్రం కదలనివ్వలేదు, అలవాటైపోయింది కదా.

క్యాసెట్ మొదట అవ్వ వాళ్లింట్లోనే వేశారు. ఒడిబియ్యం ఘట్టం వచ్చేసరికి టీవీలో ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్న చప్పుడు. పక్క క్వార్టర్ల ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

“పిల్ల మంచిగనే ఉన్నది గద, గా ఏడ్చేది ఎవరే?” అంది అవ్వ.

కెమెరా మైకు నా నోటి పక్కనే ఉందని ఆయనకు తెలుసు. “గది తీసేసి సన్నాయి పెడుత అత్తా, ఫికర్ జెయ్యకు” అన్నాడు. నావైపు తిరిగి, “గంత ఏడ్చినా జర్ర సుత ఊగనియ్యలే, శభాష్” అన్నాడు. “ఆ ఒక్క ముక్క ఉంచు” అన్నాను. “పెండ్లి క్యాసెట్ల ఏడుపేంది?” అని లేచిపోయాడు. సన్నాయి పెట్టిన క్యాసెట్టే చెల్లె అత్తగారింటికి పోయింది.

ఆషాఢంలో సరోజన పుట్టింటికి వచ్చింది. నేనూ వెళ్లాను. ఇద్దరం చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాం. మధ్యలో అది అంది:

“అక్కా, మా పెద్ద ఆడిబిడ్డ బాలింత గద, పెండ్లికి రాలే. మొన్న క్యాసెట్ల ఒడిబియ్యం మేనత్త పోసుడు జూసి, మీ అక్క ఏది, పెండ్లికి రాలేదా అని అడిగింది.”

“ఏమన్నవు?”

“పానం బాగలేక రాలేదని చెప్పిన.” దాని కళ్లు నిండాయి. “కోపం జెయ్యకక్కా. కెమెరా కింద నిలవడ్డదని గందరి ముంగట ఎట్ల చెప్పాలె?”

“మంచిగనే చెప్పినవు” అన్నాను. అబద్ధం చెప్పానని అది ఇప్పటికీ బాధపడుతోంది. ఆ పెళ్లికి నేను నిజంగానే పోలేదు.