ఫ్యాను కింద టవాళ్ళు

...కానీ నిలబడినవాణ్ణి గుంపులో లెక్కపెట్టాలా, వద్దా? ఫ్యాను కింద బల్ల చుట్టూ ఎనిమిది మంది కూర్చున్నారు. తొమ్మిదోవాడు పక్కన నిలబడి, వాళ్ళు నవ్విన ఒక్క క్షణం తర్వాత తనూ నవ్వుతున్నాడు. ఆ క్షణానికి మనస్తత్వ శాస్త్రంలో ఏదైనా పేరుందా అని ఆలోచిస్తూ, స్తంభం పక్కన ఒంటి కుర్చీలో కూర్చున్న ప్రభుదాస్ తొమ్మిదో పేరు కూడా పటంలో రాశాడు.

ఎమ్మే ప్రాజెక్టు కోసం నెల రోజులుగా అతను యూనివర్సిటీ క్యాంటీన్‌లో ఎవరెక్కడ కూర్చుంటారో గీస్తున్నాడు. పులివెందుల వైపు పెద్దిళ్ళ పిల్లలు ఫ్యాను కింద. ప్రొద్దుటూరు అంగళ్ళవాళ్ళ పిల్లలు కిటికీ దగ్గర. చేతులు కడిగే కొళాయి పక్కన, ఎప్పుడూ తడిగా ఉండే బల్ల దగ్గర, జమ్మలమడుగు మిషన్ కాంపౌండు పిల్లలూ, దర్జీల పిల్లలూ, తండ్రులు కువైట్‌లో ఉన్నవాళ్ళూ. ఇలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. బస్సు కిటికీలోంచి సీటు మీదికి టవాలు విసిరినట్టు, ఫ్యాను కింద బెంచీల మీద పొద్దున్నే నాలుగు టవాళ్ళు పడేవి. సాయంత్రం దాకా ఖాళీగా ఉన్నా ఆ బెంచీలను ఎవరూ ముట్టుకునేవారు కాదు. పటం మొత్తంలో ప్రభుదాస్‌కు బాగా నచ్చినవి ఆ టవాళ్ళే.

ఆ మధ్యాహ్నం, రేకుల షెడ్డులో ప్లేట్లు కడిగే లాల్‌బీ, కడిగిన ప్లేట్లు మోసుకొస్తూ వడదెబ్బకు కూలిపోయింది. యాభై దాటిన మనిషి. కొళాయి బల్ల దగ్గర తింటున్న జియావుల్లా పరుగున వచ్చి ఆమెను ఎత్తుకున్నాడు. ఫ్యాను కింద ఖాళీ బెంచీ మీది టవాలు తీసి పడేసి, ఆమెను పడుకోబెట్టాడు.

"ఎవురు తీయమన్నార్రా టవాలు?"

"ఆయమ్మ పడిపోయింది గదప్పా. కండ్లు కనపడల్యా?"

మొదటి దెబ్బ స్టీలు జగ్గుతో పడింది. జియావుల్లా మూతి పగిలి పన్నొకటి సాంబారు గిన్నెలో పడింది. ఎనిమిది మందీ లేచారు. అందరికన్నా కసిగా కొట్టినవాడు ఇందాక నిలబడి నవ్వినవాడే. ఇప్పుడతనికి కూర్చోడానికి చోటు దొరికింది, జియావుల్లా ఛాతీ మీద. కుడిచెయ్యిని బెంచీ కాలి కింద పెట్టి తొక్కారు. ఎముక విరిగిన చప్పుడు స్తంభం దాకా వినిపించింది. క్యాంటీన్ కాంట్రాక్టరు ఓబులేసు కౌంటరు దగ్గర నుంచి కదలకుండా, నెత్తురు కడగలేక చస్తాం, బయటికి ఈడ్చుకుపొమ్మన్నాడు. లాల్‌బీని రేపటి నుంచి రావద్దన్నాడు.

ప్రభుదాస్ తన చేతిని చూసుకున్నాడు. అది ఇంకా రాస్తోంది.

కాసేపటికి కొళాయి దగ్గర పాతిక మంది చేరారు. రిజిస్ట్రారుకు కంప్లెయింటు ఇద్దామన్నారు కొందరు. పరీక్షలు దగ్గరపడ్డాయి, ఊరుకుందామన్నారు ఇంకొందరు. జమ్మలమడుగు ఆస్పత్రిలో పనిచేసే నర్సు కూతురు బ్లెస్సీ అందరి మాటలూ వింది.

"కంప్లెయింటు యాడికి పోతాది? ఓబులేసు చేతికే. ఎల్లుండి లాల్‌బీని తోలుకొచ్చి ఆ బెంచీ మీదనే కూచోబెడదాం. మనమూ కూచుందాం."

"కూచోనిస్తే ఫ్యాను గాలి, లేకుంటే ఆస్పత్రి గాలి," అన్నాడు నయీం. కొందరు నవ్వారు.

బ్లెస్సీ ప్రభుదాస్ వైపు తిరిగింది. "నువ్వేంది రాస్తాండావు సామీ? మేం తన్నులు తినేది గూడా నీకు మార్కులేనా?"

అతను ఆ రాత్రి పటం పూర్తి చేశాడు. మనుషులకు పేర్ల బదులు అంకెలు వేయడం అబద్ధమని నమ్మి, పటంలో అందరి పేర్లూ ఉన్నవున్నట్టే రాశాడు. మర్నాడు పొద్దున గైడుకు ఇచ్చాడు. గైడు మెచ్చుకుని డిపార్టుమెంటు బోర్డుకు అంటించాడు.

బెంచీ మీద కూచుంటారన్న మాట చెవినపడి, ఆ మధ్యాహ్నమే ఓబులేసు మనుషులు నలుగురు రాడ్లతో వచ్చారు. ఒకడు ఫోనులో చూసి చదువుతున్నాడు.

"కొళాయి బల్ల. ఎడమ నుంచి రెండు, కళ్యాణ్. ఎవుర్రా?"

పేరు పిలవడం, రాడ్డు దించడం. కళ్యాణ్ మోకాలు పగిలింది. మూడు, నయీం. అతను బల్ల కిందికి దూరితే కాళ్ళు పట్టి లాగి వీపు చిట్లగొట్టారు. ఐదు, బ్లెస్సీ. ఆమె పారిపోకుండా లేచి నిలబడింది. భుజం విరిగింది. ఫోను పట్టుకున్నవాడు స్తంభం పక్కగా నడిచి పోతుంటే, తెర మీద తన గుండ్రటి అక్షరాలు ప్రభుదాస్‌కు కనిపించాయి. స్తంభం దగ్గర పటంలో ఒక చుక్క మాత్రమే ఉంది. ఎవరూ అతన్ని పిలవలేదు.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాడు. పోలీసులు కేసు జియావుల్లా మీదే పెట్టారు. అతని మంచం పక్కన కానిస్టేబులు కాపలా ఉన్నాడు. వరండాలో కట్టుతో కూర్చున్న బ్లెస్సీతో, ఆ పటం నాది అని ప్రభుదాస్ చెప్పాడు.

"తెలుసు. బోర్డు మీద చూసినా," అంది. "అందరి పేర్లూ ఉండాయి. నీదే లేదు."

క్షమించమని అడగబోయాడు. ఆమె వినదలుచుకోలేదు.

"రేపు పోతాండాం. రాని వాళ్ళను లెక్కపెట్టుకోను నాకు పొద్దు లేదు."

మర్నాడు పన్నెండింటికి రెండు వందల మంది ప్లేట్లు పట్టుకుని క్యాంటీన్‌లోకి వచ్చారు. కిటికీ బల్లవాళ్ళు కూడా కొందరు ఉన్నారు. ముందు లాల్‌బీ, పక్కన చెయ్యి మెడకు కట్టుకున్న బ్లెస్సీ. ఫ్యాను కింద నాలుగు టవాళ్ళూ పరిచే ఉన్నాయి. వాటి వెనక రాడ్లు, వాటి ముందు ఓబులేసు.

"టవాలు ముట్టుకున్నోని చెయ్యి ఈడ్నే తీసేస్తా," అన్నాడు.

గుంపు ఆగింది. ఆ క్షణాన్ని ప్రభుదాస్ గుర్తుపట్టాడు. ముందు ఇంకెవరో కదిలితే తర్వాత కదలొచ్చని అందరూ ఎదురుచూసే క్షణం. తను ఇరవై మూడేళ్ళుగా బతుకుతున్నది దాంట్లోనే. లాల్‌బీ బ్లెస్సీ రెండో భుజం మీద చెయ్యి వేసి ఆనుకుంది. ఎండలో నడిచి వచ్చింది, ఎక్కువసేపు నిలబడే ఓపిక లేదు.

అతను స్తంభం దగ్గర నుంచి లేచాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు. బ్లెస్సీని దాటి, ఓబులేసును దాటి వెళ్ళి, పైకి లేచిన రాడ్డు వైపు చూడకుండా వంగి, బెంచీ మీది టవాలు తీశాడు.