చెక్కకాలు ఒప్పుకున్న కట్టు

ఆ కట్ల ఫ్యాక్టరీలో పొద్దున్నే మొదటి పని చెక్కకాలికి దుమ్ము తుడవడం. కాళ్లలో రక్తం పైకెక్కక నరాలు ఉబ్బి, పుండ్లు పడేవాళ్లకి వాడే సాగే కట్లు అక్కడ నేస్తారు. ప్రతి రకాన్నీ ముందు చెక్కకాలికి చుట్టి చూస్తారు. బిగువెంతో మిషన్ చెబుతుంది, ఆ తర్వాత కాలు చెబుతుంది. నచ్చితే బొటనవేలు ఆడిస్తుంది, నచ్చకపోతే తంతుంది. మేనేజరు ఫైల్లో రెండు గడులూ నింపి సంతకం పెడతాడు.

అక్కడ కట్లు చుట్టే ఆమెకు బావ గురించే బెంగ. సెలూన్‌లో ముప్పై ఏళ్లు నిలబడీ నిలబడీ ఆయన ఎడమ చీలమండ దగ్గర పుండు పడింది. రెండేళ్లయినా మానలేదు. ఇంకో ఆరు వారాల్లో మానకపోతే సెలూన్ మూసుకోమని డాక్టరు తేల్చేశాడు.

ఒకరోజు బావ ఫ్యాక్టరీకి వచ్చి, వస్తూనే కుర్చీ అడిగాడు.

"నేనిచ్చిన కట్టు సరిగ్గా కడుతున్నావా బావా?"

"రోజుకి ఇరవై మెడలకి గుడ్డ కట్టేవాణ్ణి. నాకే నేర్పుతావా మరదలా?"

"ఏదీ, దీనికి కట్టు చూద్దాం."

మెడకి కట్టే అలవాటు మరి, పైన మోకాలి కింద బిగించి, చీలమండ దగ్గర వదిలేశాడు. చెక్కకాలు తన్నిన తన్నుకి కట్టు కిటికీ దాకా ఎగిరింది.

"నా కస్టమర్లెవరూ ఇలా తన్నలేదు," అన్నాడు బావ.

"కత్తి నీ చేతిలో ఉంటే ఎవరు తంతారు? వేళ్ల దగ్గర మొదలెట్టు. కింద బిగువు, పైకి పోయేకొద్దీ వదులు."

పదకొండు తన్నులయ్యాక పన్నెండోసారి బొటనవేలు ఆడింది. మరదలికి ప్రాణం లేచొచ్చింది.

ఆ మర్నాటి నుంచి బావ ఇంట్లో కట్టు కట్టుకోగానే ఇక్కడ చెక్కకాలు తీర్పు చెప్పేది. బద్ధకించి కట్టిన రోజు బల్లని తన్నేది. మేనేజరు టీ గ్లాసు పక్కకి జరుపుకునేవాడు, ఆమె ఫోన్ తీసేది. "విప్పి మళ్లీ కట్టు బావా."

ఆరో వారం బావ చంకలో ఒక బూటు పెట్టుకుని వచ్చాడు. వాచిన ఎడమ కాలి కోసం రెండేళ్లుగా విడిగా కొన్న పెద్ద సైజుది.

"పుండు మానింది. ఇది నాకిప్పుడు వదులైపోయింది," అంటూ చెక్కకాలికి తొడిగి లేసు కట్టాడు. అది టకటకమని రెండుసార్లు బల్ల మీద కొట్టింది. బావ కూడా మడమతో నేల మీద అలాగే కొట్టాడు. మరదలు నవ్వుతూ, ఏడుస్తూ కుర్చీ లాగింది.

బావ కూర్చోలేదు. సెలూన్‌లో ముగ్గురు ఎదురుచూస్తున్నారట.