సైఫుల్లా గులాబీకి అతుకెక్కడ

అంటు గులాబీని చేతికిస్తే కళ్ళు మూసుకుని అతుకెక్కడుందో చెప్పగలవాణ్ణి బందరు చుట్టుపక్కల నేనొక్కణ్ణే. వాసన చూసి కూడా చెబుతాను. అందుకే చిలకలపూడి బీబీజాన్ మొక్క నాటడానికి మంగినపూడి నుంచి నన్ను పిలిపించింది.

ఆ మొక్క సంగతి ముందు చెప్పాలి. ఆవిడ భర్త సైఫుల్లా వేసిన గులాబీ ఒకటి పెరట్లో పూసేది. ఆయన చనిపోయిన ఏడాదే పెరట్లో ఉప్పునీళ్ళు నిలిచి చెట్టు ఎండిపోసాగింది. గూడూరు నర్సరీ వెంకటపతి ఆఖరి పచ్చికొమ్మ నుంచి మొగ్గకళ్ళు తీసి, నాటు గులాబీల కాండాలకి అంటు కట్టాడు. ఒక్కటే పట్టింది. ఈలోగా పాత చెట్టు పూర్తిగా చచ్చిపోయింది. సైఫుల్లా గులాబీ అంటూ మిగిలింది ఇక నర్సరీ నల్లకవరులో వచ్చిన ఆ అంటుమొక్కే.

సముద్రంలో వలలేసి బతికేవాళ్ళం, ఏం పాతినా మోకాలి లోతు పాతుతాం. వలగుంజైనా, కొబ్బరిమొక్కైనా సముద్రపు గాలికి నిలవాలి కదా. గులాబీనీ అలాగే కొమ్మల దాకా దింపి, మట్టి తొక్కి, బిందెడు నీళ్ళు పోశాను.

బీబీజాన్ వెంకటపతికి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"అతుకు నేలకి ఎంత ఎత్తులో ఉంది బాబాయ్?" అన్నాడతను.

"ఎత్తేంటయ్యా, గాలికి కదలకుండా లోపలికి పాతేశా."

వెంకటపతి గొంతు పెంచాడు.

"మట్టిలో ఉంటే అతుకు కుళ్ళిపోద్ది. కింద నాటుదే పిలకలేస్తది. బయటికి తియ్యండి. లాగకండి, అతుకింకా పచ్చిది, ఊడొచ్చేస్తది."

వేళ్ళతో తవ్వటం మొదలెట్టాను. తడిసిన నల్లమట్టి బంకలా పట్టేసింది. బీబీజాన్ ఎదురుగా కూర్చుని చెంబుతో నీళ్ళు సన్నగా వదులుతోంది. బొటనవేలికి ముల్లు దిగినా చెయ్యి వెనక్కి తియ్యలేదు. కాండం మీద ఒక బుడిపె బయటపడింది. ఇంకాస్త కిందికి వెళ్తే ఇంకొకటి. రెండింటికీ మధ్య ఎర్రటి చిగురొకటి. పైకొమ్మ దారిలోనే ఎండకి వడిలిపోయింది. ప్రాణమున్నట్టు కనిపిస్తున్నది ఆ చిగురొక్కటే.

"పై బుడిపె అతుకైతే ఆ చిగురు నాటుది, పీకెయ్యాలి," అన్నాడు వెంకటపతి. "కిందిది అతుకైతే చిగురు సాయిబుగారిదే. ముట్టుకోకండి."

"ఏదండీ పెద్దిరాజన్నయ్యా?" అంది బీబీజాన్. "కళ్ళు మూసుకుని చెబుతానన్నారుగా. పోనీ తెరిచే చెప్పండి."

నిజం చెప్పొద్దూ, నేనంతకుముందు అంటు గులాబీని చూసిందే లేదు. నా ముక్కుకి తెలిసింది ఎండుచేపల వాసనొక్కటే. అయినా పరువొకటుందిగా. చిగురుని రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాను.

"ఇంత బలంగా ఉన్నది నాటుదే చెల్లెమ్మా. పీకేస్తున్నా."

"ఆగండి."

ఆవిడ రోల్డుగోల్డు గొలుసులు అతికి బతికిన మనిషి. కాండం మీద గోటిని పైనుంచి కిందికి నెమ్మదిగా జార్చింది. పై బుడిపెకి అటూ ఇటూ గోరు ఒకేలా జారింది.

"ఇక్కడ బెరడంతా ఒకటే. ఎప్పుడో కొమ్మ కోసిన మచ్చ ఇది."

కింది బుడిపె దగ్గర గోరు తట్టుకుని ఆగింది. నీళ్ళతో కడిగింది. పైన నున్నగా, కాస్త ఎర్రఛాయ. కింద గరుకుగా, ఆకుపచ్చగా. మధ్యలో అంటు కట్టిన ప్లాస్టిక్ రిబ్బను పోగొకటి.

"అతుకిదీ. మీ చేతిలో ఉన్నది మా ఆయనది. మెల్లిగా వదలండన్నయ్యా."

పట్టుకున్నప్పటికంటే వదలడానికి ఎక్కువ భయమేసింది. వదిలాను. విరగలేదు.

మట్టిగడ్డతో సహా మొక్కని పైకెత్తి, కింద మట్టి నింపి, అతుకు నేల మీద స్పష్టంగా కనబడేలా కూర్చోబెట్టాం. గాలికి వెదురుపుల్ల ఊతం కట్టాను.

"ఈ లోతు సరిపోద్దా మీకు?" అంది బీబీజాన్.

"దీనికి వల కట్టంలేమ్మా," అన్నాను.

నెల తిరక్కుండా ఆ చిగురుకి అరచేతంత పువ్వు పూసింది. ఆ వాసనకి రోడ్డు మీద ఆటోలు ఆగిపోయాయి.

ఈ పువ్వు మాత్రం నేను మాటల్లో పూయించిందే. నిజానికి ఇంకా మొగ్గే. మొన దగ్గర రంగేమైనా తొంగిచూస్తోందేమోనని బీబీజాన్ పొద్దున్నే వెళ్ళి వంగి చూస్తోంది. మొన్న నేనూ చూశాను. పచ్చగానే ఉంది.