రోడ్డు అవతలి బజారు

ఇంటి ముందు రోడ్డును వెడల్పు చేసినప్పటి నుంచి మామగారికి బజారు దూరమైపోయింది. దూరమంటే అవతలి పక్కే. వరండాలో నిలబడితే దుకాణాల రేకులు కనబడతాయి. కానీ నడుమ తెరిపి లేకుండా బండ్లు. దాటడానికి ఇనుప వంతెన కట్టారు గానీ, ఆ మెట్లు చూస్తేనే ఆయన మోకాళ్లు మొరాయించేవి. జీవితమంతా కుట్టుమిషను తొక్కిన కాళ్లవి. రోడ్డు పక్క చెట్లు కొట్టెయ్యకముందు పొద్దున్నే నీడ పట్టున నడిచి వెళ్లి, నలుగురితో కబుర్లాడి వచ్చే మనిషి ఇప్పుడు కుర్చీకి అతుక్కుపోయాడు. ఒంట్లో షుగరు పెరిగింది. మాట తగ్గింది.

కోడలు అదే రోడ్డు మీది ఆసుపత్రిలో నర్సు. ఎండలు ముదిరాయంటే ఆమెకు ఊపిరి సలపదు. బస్సు కోసం నిలబడి సొమ్మసిల్లినవాళ్లు, పొగకు దగ్గే పిల్లలు, రోడ్డు దాటబోయి దెబ్బలు తగిలించుకున్నవాళ్లు. "రోజూ కాస్త నడవండి" అని అందరికీ చెప్పి చెప్పి ఆమె నోరు అరిగిపోయింది. ఇంటికొచ్చి మామగారికీ అదే పాట.

"ఎక్కడ నడవమంటావమ్మా? ఈ కుర్చీ చుట్టూనా?" అనేవాడాయన.

ఆమె చెప్పులు విప్పి వంటింట్లోకి వెళ్లిపోయేది. వాదించే ఓపిక ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి వస్తుంటే, రోడ్డు నడిమి సిమెంటు దిమ్మె మీద ఎవరో ముసలాయన కూలబడి కనిపించాడు. చొక్కా చూడగానే మామగారని గుర్తుపట్టింది. చెయ్యి అడ్డం పెట్టుకుంటూ, బండ్లవాళ్ల చేత తిట్లు తింటూ ఆయన దగ్గరికి చేరింది. ఆయన మొహం కందిపోయి ఉంది.

"ఏం పని మామయ్యా ఇది?"

"జుట్టు కత్తిరించుకుందామనమ్మా. సగం వచ్చాక కాలు కదల్లేదు."

"నాతో చెబితే తీసుకెళ్లనా?"

"నువ్వు ఇంటికొచ్చేసరికే వడిలిపోయి ఉంటావు. ఇంకేం చెప్పను?"

సంచీలోంచి నీళ్లసీసా తీసి ఇచ్చి, ఆమె కూడా పక్కనే కూర్చుండిపోయింది. దిమ్మె పెనంలా కాలుతోంది. అయినా లేవబుద్ధి కాలేదు. చివరికి ఒక బస్సు డ్రైవరు వాళ్లను చూసి బండి అడ్డంగా ఆపాడు. వెనక హారన్లు మోగుతుంటే ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని బజారు వైపు దాటారు. మామగారు జుట్టు కత్తిరించుకునే వచ్చాడు.

మర్నాడు ఆమె సెలవు పెట్టి రోడ్ల ఆఫీసుకు వెళ్లింది. ఇంజనీరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు.

"అక్కడ సిగ్నల్ పెడితే బండ్లు ఆగిపోతాయండీ."

"ఆగాలనే కదా నేనొచ్చింది."

"వంతెన ఉంది కదా?"

"ఉందండీ. దాని కింద నీడకి కుక్కలు పడుకుంటున్నాయి."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. ఆ వేసవంతా ఆమె తిరుగుతూనే ఉంది. ఒకసారి ఆసుపత్రి డాక్టరుగారిని తీసుకెళ్లింది, మరోసారి రోడ్డు దాటబోయి కాలు విరిగిన పూలమ్మే ఆమెను. వెళ్లిన ప్రతిసారీ 'ఇదే ఆఖరు' అనుకునేది.

వానలు మొదలయ్యాక సిగ్నల్ వచ్చింది. ఆమె అడిగిన చెట్లు మాత్రం రాలేదు. నేల కింద కరెంటు తీగలున్నాయట, వచ్చే ఏడు చూస్తామన్నారు. పైగా, నడిచేవాళ్ల పచ్చదీపం వెలిగిందో లేదో ఆరిపోతుంది. సంతోషించే శక్తి కూడా ఆమెలో మిగల్లేదు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఆమె చెప్పులు విప్పుతుంటే, మామగారు తడిసిన చొక్కాతో గుమ్మంలోకి వచ్చాడు.

"దాటగలుగుతున్నారా మామయ్యా?"

"సగం ఒక దఫా, మిగతా సగం ఇంకో దఫా. మధ్యలో దిమ్మె దగ్గర ఒకాయన తగులుతున్నాడమ్మా, రైల్వేలో చేశాట్ట. ఆయన చెప్పే కబుర్లకి ఒక్కోసారి దీపం పచ్చబడ్డా చూసుకోం."

"ఏం చెబుతాడేమిటి?"

ఆయన ఉత్సాహంగా మొదలుపెట్టాడు. ఆమె గోడకు చేరబడి వినసాగింది. రెండో మాటకే కళ్లు మూతలు పడ్డాయి. ఆయన గొంతు తగ్గించాడు గానీ, కబురు మాత్రం ఆపలేదు.